చింతపండు మరకలనుకున్నాను

కొత్త చింతపండు వాసన తగిలితే ఇప్పటికీ నాకు కోపం వస్తుంది. చారు కాచుకుంటాను, పులుసు పెట్టుకుంటాను, అది వేరే సంగతి. పండు గుట్టగా పోసినప్పుడు ఒక తియ్యటి పులుపు వాసన లేస్తుంది. అది ముక్కుకు సోకిందంటే ఎవరినో ఒకరిని తిట్టాలనిపిస్తుంది. ముసలితనం చాదస్తం అని మా ఇంట్లో వాళ్లు నవ్వుకుంటారు. నవ్వుకోనీ. నేను తిట్టాల్సిన మనిషిని ఆ రోజుల్లోనే కడుపునిండా తిట్టాను. అయినా తీరలేదు.

పెళ్లయిన రెండేళ్లకు మా ఆయన నన్ను దిగువ పల్లెనుంచి పాచిపెంట దాటించి కొండల్లోని ఒక సంత ఊరికి తీసుకొచ్చాడు. అప్పటికి ఆ ఊరికి బండిబాటే గాని రోడ్డు లేదు. వారానికొక రోజు సంత. కొండవాళ్లు కావిళ్లలో చింతపండు, పసుపు, కరక్కాయ తెచ్చేవారు. మా ఆయన ఉప్పు, గుడ్డ, పొగాకు ఇచ్చేవాడు. ఆ బేరాల్లో న్యాయం ఎవరి వైపు ఉండేదో నాకు తెలుసు, దాని గురించి కూడా ఆయనతో పోట్లాడాను. ఇక్కడ చెప్పేది మాత్రం ఆయన కాళ్ల సంగతి.

ఆయన మంచి నడకరి. సంత లేని రోజుల్లో ఒక గూడెం నుంచి ఇంకో గూడేనికి కొండలెక్కి దిగి, ఎవరి చెట్టు ఎంత కాసిందో చూసి వచ్చేవాడు. పది మంది కూలీలు వెనకబడిపోయేవారట. ఇంటికొచ్చి గుమ్మంలో నిలబడి, "ఒలే, నీళ్లెట్టు, బేగి" అని కేకేసేవాడు. ఆ కేక వింటే నాకు ముచ్చటగా ఉండేది. ఆయన ఒంట్లో నాకు నచ్చినవి ఆ రెండు కాళ్లే.

జబ్బు ముందు దాహంగా వచ్చింది. కూజా ఖాళీ చేసి ఇంకో కూజా అడిగేవాడు. తాగినంతా పెరట్లోకి పోయి వదిలేవాడు. తిండి మాత్రం ఇద్దరి తిండి తినేవాడు, అయినా చొక్కా భుజాల మీంచి జారిపోయేది. ఒకనాడు పొద్దున్న పెరటి గోడ కింద చీమలు బారులు తీరి కనిపించాయి. బెల్లం పానకం ఎవరు ఒలకబోశారని పనిమనిషిని కేకలేశాను. ఆమె కొండమనిషి, నాకంటే పెద్దది, మా ఇంట్లో పండు గింజ తీసే పని కూడా చేసేది. ఆమె చీమల్ని చూసి, నన్ను చూసి, "పానకం కాదమ్మా, సావుకారి నీళ్లు" అంది. నాకు సిగ్గేసి అక్కణ్నుంచి వెళ్లిపోయాను. ఆ సిగ్గు వల్లే మరో రెండు నెలలు పోయాయి.

చివరికి నా పోరు పడలేక సాలూరు వచ్చాడు. సాలూరు డాక్టరు గాజు గొట్టంలో నీలం మందు పోసి, ఆయన మూత్రం చుక్కలు వేసి, స్పిరిటు దీపం మీద కాచాడు. నేను తలుపు వారనుంచి చూస్తున్నాను. నీలం కాస్తా పచ్చబడింది, పసుపయింది, ఆఖరికి ఇటుక రంగుకు తిరిగింది. "మధుమేహం" అన్నాడు డాక్టరు. బెల్లం ముట్టుకోవద్దన్నాడు. అన్నం బాగా తగ్గించి చోళ్లు, అదే రాగులు, కూరలు తినమన్నాడు. ఊరుకుంటే కళ్లు, మూత్రపిండాలు, కాళ్లు ఒక్కొక్కటే పాడవుతాయన్నాడు. మద్రాసులో ఏదో కొత్త సూదిమందు వచ్చిందట, రోజూ పొడిపించుకోవాలట, చల్లగా దాచుకోవాలట, మీ కొండల్లో అదెలా కుదురుతుంది అని ఆయనే అడిగి ఆయనే తల అడ్డంగా ఊపాడు. లేవబోతుంటే, "పాదాలు రోజూ చూసుకోండి. ఒట్టికాళ్లతో తిరక్కండి" అన్నాడు.

ఎందుకు చూసుకోవాలో చెప్పలేదు. ఆ ఒక్క ముక్క చెప్పి ఉంటే ఎంత బాగుండేది! వండేదాన్ని, ఇల్లు ఊడ్చేదాన్ని, ఆయన వెంట పడేదాన్ని నేనైతే, నా వైపు కన్నెత్తి చూడకుండా అంతా ఆయనతోనే చెప్పాడు. ఆయనకేమో తనకు కావలసింది మాత్రమే వినబడింది. బయటికి రాగానే, "నా ఒంట్లో తీపి ఎక్కువైపోనాదంట, నీకూ కొంచెం ఇయ్యనా ఏటి?" అన్నాడు. నేను నవ్వలేదు. తిరుగు దారిలో బండి ఆపించి బెల్లం ఖాజాలు కొన్నాడు. ఇదే ఆఖరుసారి అన్నాడు. అలాంటి ఆఖరుసార్లు నేను చాలా చూశాను.

ఇక ఇంట్లో తిండి గొడవ. చోడి అంబలి ముందు పెడితే గిన్నె వెనక్కి తోసేవాడు. రుచి బాగులేక కాదు, అది కొండవాళ్ల తిండి. "సంతకొచ్చినోలు సూత్తే ఏటనుకుంతారే? సావుకారింట్లో బియ్యం అయిపోనాయనుకోరా?" అనేవాడు. సంతకొచ్చే వాళ్లు ఆ అంబలే తాగి ఆ కొండలన్నీ ఎక్కుతున్నారు కదా అని నేనంటే, మొహం ముడుచుకునేవాడు. చివరికి వీధి తలుపు గడియ వేసి, దొంగతనం చేసినవాడిలా గోడవైపు తిరిగి అంబలి తాగేవాడు. తాగి, మూతి తుడుచుకుని, ఎదురింటి కొట్టుకు పోయి వాళ్ల పంక్తిలో కూర్చుని పప్పన్నం తిని వచ్చేవాడు. నాకు తెలియదనుకునేవాడు. ఎదురింటావిడ నూతి దగ్గర నాతో, "మీ ఆయనకి మా సేతి వంటంటే పేణం" అని మురిసిపోతూ చెప్పేది. నాకు తల ప్రాణం తోకకొచ్చేది.

ఆ ఏడే చలికాలంలో ఒక సంతరోజు, ఒక కాలికి చెప్పుతో, రెండో కాలికి ఒట్టిపాదంతో ఇంటికొచ్చాడు. రెండో చెప్పు ఎక్కడని అడిగితే, కిందికి చూసుకుని ఆయనే ఆశ్చర్యపోయాడు. ఎక్కడ జారిపోయిందో తెలియదు. గులకరాళ్ల బాటలో ఎంత దూరం అలా నడిచాడో అదీ తెలియదు. అరుగు మీద కూర్చుని పొట్ట పట్టుకుని నవ్వాడు. "నా కాళ్లు రాటుదేలిపోనాయే, ముళ్లూ రాళ్లూ నన్నేటీ సెయ్యనేవు" అన్నాడు. నేనూ నవ్వాను. నిజం చెప్పొద్దూ, కొంచెం గర్వపడ్డాను కూడా. చచ్చిపోతున్న పాదాలను చూసి మొగుడూ పెళ్లాలం అలా నవ్వుకున్నాం.

మాఘమాసం దాటాక చింతపండు రావడం మొదలైంది. పండు తొక్కడం గురించి తెలియని వాళ్లకు చెప్పాలి. పెంకు వలిచి, కొయ్య సుత్తితో కొట్టి గింజ తీసేస్తారు. ఆ గుజ్జును తాటాకు బుట్టలో పోసి, కల్లుప్పు చల్లి, పొర మీద పొర వేస్తూ కాళ్లతో తొక్కుతారు. గాలి దూరకుండా తొక్కితేనే పండు ఏడాది పొడుగునా నిలుస్తుంది. మా వ్యాపారుల ఇళ్లలో ఒక ఆచారం ఉండేది. ఏడాదిలో మొదటి బుట్ట ఇంటి యజమాని తానే తొక్కాలి. స్నానం చేసి, పంచె ఎగ్గట్టి బుట్టలోకి దిగితే, అది నిండేదాకా మధ్యలో కాలు బయట పెట్టకూడదు. పెడితే ఆ ఏడు సరుకు కుళ్లుతుందని నమ్మకం.

నేను వద్దన్నాను. డాక్టరు ఒట్టికాళ్లు వద్దన్నాడు కదా, ఈ ఒక్క ఏడు ఇంకెవరిచేతనైనా తొక్కించండి అన్నాను. ఆయనకు ముక్కు మీదే కోపం. "నాను బతికుండగా నా బుట్ట ఇంకోడు తొక్కడమేటి? ఊరంతా నవ్వాలనా?" అన్నాడు. పోనీ కాలికి గుడ్డ చుట్టుకోండి అన్నాను. తినే పండును గుడ్డకాళ్లతో తొక్కుతారా అని నలుగురి ముందూ నన్ను గదిమాడు. నేను లోపలికి వెళ్లిపోయి తలుపు దడాలున వేశాను. గొంతు చించుకుని అరిచినా, కాళ్లు పట్టుకున్నా, ఏం చేసినా ఆపి ఉండాల్సింది. తలుపు వేసి ఊరుకున్నాను.

కిటికీలోంచి మాత్రం చూశాను. పక్క బుట్టల్లో తొక్కేవాళ్లు కాసేపటికోసారి దిగిపోయి కాళ్లు కడుక్కుంటున్నారు. ఉప్పూ పులుపూ కలిసి కాలి పగుళ్లలోకి దిగితే ఎవరికైనా నిప్పులు తొక్కినట్టే ఉంటుంది. ఈయన దిగలేదు. పాట పాడుతూ గిరగిరా తిరిగి తొక్కుతున్నాడు. గింజ తీసే మా కొండమనిషి చేతులు ఆపి ఆయన కాళ్లకేసి చూసింది. "మండదా సావుకారీ?" అని అడిగింది. "నాకా!" అని ఆయన ఇంకా గట్టిగా తొక్కాడు. అందరూ భేష్ అన్నారు. ఆమె ఒక్కతే తల దించుకుని పని చేసుకుంది.

ఆ మర్నాటి నుంచి మా నట్టింట్లో మరకలు మొదలయ్యాయి. పేడతో అలికిన నేల మీద గుమ్మం నుంచి మంచం దాకా వరసగా అడుగులు, కుడి అడుగు పడిన చోటల్లా అణా కాసంత గోధుమరంగు తడి. చింతపండు కాలంలో మా ఇళ్లల్లో మరక లేని చోటు ఉండదు. గోడకు మరక, గడపకు మరక, కట్టిన కోకకు మరక. కాళ్లు కడుక్కోకుండా లోపలికి తగలడుతున్నాడని ఆయన్ని తిట్టుకుంటూ అలికేశాను. రెండో రోజూ అలికాను. మూడో రోజు గట్టిగానే నోరు పారేసుకున్నాను. "కడుక్కునే వొచ్చానే" అన్నాడు ఆయన, పాపం. నేను నమ్మలేదు. నాలుగో రోజు కూడా వంగి, చేత్తో ఆ మరకల మీద పేడనీళ్లు పూసి, శుభ్రంగా చెరిపేశాను.

అయిదో రోజు అలుకుతుంటే వాసన వచ్చింది. చింతపండు వాసన అలా ఉండదు. పేడచేత్తోనే పరుగెత్తాను. ఆయన మంచం మీద పడుకుని చుట్ట తాగుతున్నాడు. కుడికాలు ఎత్తి చూశాను. అరిపాదంలో, బొటనవేలి కింద, గుంట. గుంటలో చితికిన చింతపిక్క ముక్క ఒకటి వాడిగా నిలబడి ఉంది, దాని చుట్టూ చీము. బుట్ట తొక్కిన రోజు దిగింది. అయిదు రోజులుగా ఆయన దాని మీదే నడుస్తున్నాడు.

"ఏటే, ఏటి సేత్తన్నావు?" అన్నాడు, చుట్ట నోట్లోంచి తియ్యకుండానే. చూపించాను. పిక్కను వేళ్లతో పట్టి లాగాను, రక్తం వచ్చింది. ఆయన నా మొహంకేసి చూస్తున్నాడు గాని కాలు కదల్చలేదు. "నొప్పి నేదే. నొప్పి నేనప్పుడు కంగారేటి?" అన్నాడు.

ఆ మాట ఎన్నిసార్లు విన్నానో! సాలూరు పోదాం అంటే నొప్పి లేదు. పని ఆపండి అంటే నొప్పి లేదు. పండు దిగుమతి అయ్యాక పోదాం, ఇంత సరుకు ఎవరికి అప్పజెప్పి పోను అన్నాడు. ఆకు పసరు కట్టించుకున్నాడు, పసుపు కట్టించుకున్నాడు. నేను తిండి మానేశాను. మూడు రోజులు మాట్లాడటం మానేశాను. నాలుగో రోజు నేనే ఓడిపోయి కట్టు విప్పి చూస్తే వేలు నల్లబడి ఉంది. పుల్లతో పొడిచినా తెలియడం లేదు. కొండమనిషి తొంగిచూసి, "సావుకారి కాలు ముందే సచ్చిపోనాదమ్మా. ఆ బుట్ట తొక్కిన్నాడే నాను సూసినాను" అంది. అయితే ఆవాళే నాతో చెప్పకూడదా అని ఆమె మీద విరుచుకుపడ్డాను. ఆమె నా కేకలన్నీ విని, "సెప్తే వింటారేటి మీ ఇంట?" అంది.

బండిలో గడ్డి పరిచి ఆయన్ని పడుకోబెట్టి కొండ ఘాటీ దిగాం. సాలూరులో డాక్టరు కట్టు విప్పి ముక్కు మూసుకుని పట్నం పొమ్మన్నాడు. రైలెక్కించాను. పట్నం పెద్దాసుపత్రిలో కుడికాలు మోకాలి కింద తీసేశారు. అక్కడి డాక్టరు నా మీద కేకలేశాడు. నొప్పి లేదని ఊరుకున్నారా, ఈ జబ్బులో నొప్పి తెలియకపోవడమే ప్రమాదం, ముందు నరాలు మొద్దుబారతాయి, తర్వాత పుండు పడుతుంది, మీకెవరూ చెప్పలేదా అన్నాడు. చెప్పలేదు! ఎవరూ చెప్పలేదు! ఆ వరండాలో నిలబడి పెద్దగా ఏడ్చాను. దుఃఖం కంటే ఎక్కువ ఒళ్లుమంట. ఏడాది కిందట ఒక్క ముక్కలో చెప్పాల్సింది, కాలు పోయాక ఇంత వివరంగా చెబుతున్నారు.

ఆసుపత్రిలో మెలకువ వచ్చాక ఆయన దుప్పటి కింద తడుముకున్నాడు. తర్వాత, "మొదటి బుట్ట ఇంకెవుడు తొక్కుతాడే?" అన్నాడు. అప్పుడు ఆయన్ని కొట్టాలనిపించింది. తల నిమిరాను.

తిరిగి కొండకు వచ్చాక తిండి సంగతి నేనే శాసించాను. అంబలి వీధి అరుగు మీదే, నలుగురూ చూస్తుండగానే తాగించాను. మారు మాట్లాడకుండా తాగేవాడు. గూడేలకు తిరగడం పోయింది. కర్రల సాయంతో కొట్టు దాకా, కొట్టు నుంచి అరుగు దాకా, అంతే. మా కొండల్లో పొద్దున్నపూట మంచు కమ్ముకుంటుంది, బారెడు పొద్దెక్కాక విడిపోతుంది. ఒకనాడు మిట్టమధ్యాహ్నం అరుగు మీద కూర్చుని, "ఇంకా మంచు తేలనేదేటే?" అని అడిగాడు. ఎదుట కొండ మీద చెట్లు ఒక్కొక్కటీ లెక్కపెట్టేంత ఎండగా ఉంది. "తేలుతోంది" అన్నాను. లోపలికి వచ్చి పొయ్యి దగ్గర కూలబడ్డాను. కళ్లు, మూత్రపిండాలు, కాళ్లు అని డాక్టరు చెప్పిన వరస గుర్తొచ్చింది.

మిగిలింది ఎడమకాలు. దాన్ని పోనివ్వకూడదని పంతం పట్టాను. రోజూ భోజనాలయ్యాక ఆయన్ని అరుగు మీద వెలుగులో కూర్చోబెట్టి, పాదాన్ని ఒళ్లో పెట్టుకుని వేళ్ల సందులతో సహా వెతికేదాన్ని. గోటితో ఒక్కో వేలూ గట్టిగా నొక్కి, "తెలుస్తోందా?" అని అడిగేదాన్ని. "తెలీనేదే" అనేవాడు. ఆ జవాబు వింటే నాకు ఒళ్లు మండిపోయేది. పాదాన్ని విసురుగా దించేసి, సాయంత్రం దాకా పలకరించేదాన్ని కాదు. ఆయన తప్పేముంది అందులో? అదీ తెలుసు. అయినా కోపం. కట్టుకున్నవాడికి నొప్పి పుట్టాలని దేవుణ్ని మొక్కుకునే ఆడది ఉంటుందా అని నన్ను నేనే అసహ్యించుకున్నాను, మొక్కుకుంటూనే ఉన్నాను.

అలా ఏడాది గడిచింది. మళ్లీ చింతపండు రోజులు వచ్చాయి. ఒక మధ్యాహ్నం మామూలుగా పాదం ఒళ్లో పెట్టుకుని చూస్తుంటే, మడమ దగ్గర నల్లగా ముల్లు మొన కనబడింది. అప్పుడే దిగినట్టుంది, చుట్టూ వాపు కూడా లేదు. ముల్లు తీసే పిన్నీసు గాజులకు తగిలించి ఉంది.

"కదలకండి, ముల్లు దిగింది. తీస్తాను" అన్నాను.

"అబ్బా!" అన్నాడు ఆయన. పళ్లు బిగబట్టి, కాలు వెనక్కి లాక్కోబోయాడు. "మెల్లిగానే! పేణం పోతన్నాది."

నేను తలెత్తి చూశాను. ఆయన మొహం నా వైపే ఉంది గాని చూపు నా భుజం పక్కనుంచి ఎటో పోతోంది. కనుబొమలు ముడిచి, బాధపడుతున్నట్టు పెదవి కొరుక్కున్నాడు. పిన్నీసు ఇంకా నా గాజుకే ఉంది.

"నొప్పెట్టిందా?" అని అడిగాను.

"పెట్టకేటి? బాగా పెట్టింది" అన్నాడు. "ఇంక కోప్పడకు."

"కోపం లేదు, మంచిదే కదా" అన్నాను. ముల్లు వచ్చేసిందనుకుని ఆయన తేలిగ్గా ఊపిరి తీసుకుని, పక్కనున్న చుట్ట కోసం తడుముకున్నాడు. నేను అప్పుడు గాజునుంచి పిన్నీసు విప్పుకున్నాను. ముల్లు లోతుగా ఉంది, చర్మం చీల్చి తియ్యాల్సి వచ్చింది. నేను తీస్తున్నంతసేపూ ఆయన చుట్ట వెలిగించుకుని, ఈ ఏడు ఏ గూడెంలో చెట్లు బాగా కాశాయో నన్నే అడుగుతూ హాయిగా కబుర్లు చెబుతున్నాడు.